గడపకు ఇత్తడి తొడుగు: పెంబర్తి ఆదివారాల డైరీ

నవంబరు 3, ఆదివారం

మా ఊళ్ళో నాయనమ్మ ఇల్లు పోయినేడాది పడగొట్టారు. ఆ ఇంట్లోంచి నేను అడిగి తెచ్చుకున్నది ఒక్కటే, దేవుడి గది టేకు గడప. ముప్పై అంగుళాల పొడవు, నాలుగంగుళాల ఎత్తు. ఉప్పల్‌లో మా ఫ్లాట్ దేవుడి గదికి దాన్నే బిగించాం. కానీ ముందు ముఖమంతా చెదలు తిన్న గుంటలు. అమ్మ పెయింట్ వేయించేద్దాం అంది. నాకు మనసొప్పలేదు. ఇత్తడి తొడుగు వేద్దామన్నాను. "వేయించు" అంది. "వేయించడం కాదు, నేనే చేస్తా" అన్నాను. అమ్మ నవ్వి, సంక్రాంతిలోపు కాకపోతే పెయింటే అని షరతు పెట్టింది.

ఆ షరతుతో ఇవాళ పెంబర్తి బస్సెక్కాను. ఉప్పల్ నుంచి భువనగిరి, ఆలేరు దాటి, జనగామ ఇంకా వస్తుందనగా దిగాలి. చిన్న ఊరే. కాకతీయుల కాలంలో గుళ్ళకు, రథాలకు రేకు పని చేసిన ఊరు. నిజాం రోజుల్లో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేసింది. ఇప్పుడు ధ్వజస్తంభాల తొడుగులు, గుడి తలుపులు, సన్మానాలకు ఇచ్చే షీల్డులు చేస్తోంది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో దీన్నీ చేర్చింది. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రోడ్డు పక్కన దుకాణాలు దాటి లోపలికి వెళ్తే మాత్రం చెవులకు వినపడేది సుత్తుల చప్పుడే.

తెలిసినవాళ్ళ ద్వారా ముందే మాట్లాడుకున్న పెద్దాయన ఇల్లు అది. ఇంటి పేరూ ఒంటి పేరూ రాయొద్దన్నారు, రాయను. మొదటి గంట "చారి గారూ" అని పిలిచాను. ఆయన భార్య "మాకు బిడ్డలాంటిదానివి, గారూ గీరూ ఎందుకమ్మా" అన్నాక పెద్దబాపు, పెద్దమ్మ అయిపోయారు. ఆదివారానికి ఇంత అని డబ్బు విషయం మాత్రం ముందే మాట్లాడుకున్నాం. నేర్పడం కూడా పనే కదా.

గడప కొలతలు, ఫోటోలు చూపించి, పైముఖం మీద కూడా తీగ వేద్దామన్నాను. పెద్దబాపు వెంటనే తల అడ్డంగా ఊపాడు. "పైన బొమ్మ చేస్తే తొక్కుతరు బిడ్డా. తొక్కితే లోపలికి పోతది. గడప తొక్కొద్దంటరు గని ఎవరు ఆగుతున్నరు?" పైన సాదా రేకు మడత, ముందు ముఖానికే పని అని ఖాయమైంది. మధ్యలో పద్మం, అందులో శ్రీ, అటూ ఇటూ హంసలు, మిగతా జాగాలో తీగ.

పని మొదలుపెడదామా అంటే చేతిలో ఒక ఉక్కు కడ్డీ పెట్టాడు. ముందు నీ ఉలులు నువ్వు చేసుకో అన్నాడు. ఆయన పెట్టె తెరిచి చూపించాడు. నూటికి పైనే ఉంటాయి. మొన గుండ్రంగా ఉన్నవి, అర్ధచంద్రంలా ఉన్నవి, బియ్యపు గింజంత ఉన్నవి. కొన్ని వాళ్ళ తాత చేసినవి. సుత్తి దెబ్బలకు వాటి తలలు పుట్టగొడుగుల్లా విచ్చుకుపోయాయి. పొట్టిగా, నల్లగా, పట్టుకునే చోట మాత్రం నున్నగా మెరుస్తున్నాయి. ఇవి వాడనిస్తారా అని అడిగితే, "నీ చెయ్యికి నాది పనికిరాదు" అన్నాడు.

నవంబరు 10, ఆదివారం

రోజంతా ఉలులే. మూడు చేశాను. గీతకు ఒకటి, ఉబ్బెత్తుకు గుండ్రటిది ఒకటి, నేల చదును చేయడానికి ఒకటి. రేకు పనిలో ఉలి కోయడానికి కాదు, నొక్కడానికి. అందుకని అంచు పదునుగా ఉండకూడదు. చిన్న గీరు మిగిలినా అదే గీరు ప్రతి దెబ్బకూ రేకు మీద పడుతుంది. ఆకురాయితో రుద్ది, గరుకు కాగితంతో రుద్ది, చివర్లో తోలు మీద రుద్దాను. గోటితో తడిమి చూసి "ఇంకా" అన్నాడు. ఆ "ఇంకా" ఐదుసార్లు విన్నాను.

తర్వాత పదును పెట్టడం, అంటే ఉక్కును గట్టిపరచడం. కొలిమిలో మొన ఎర్రబడేదాకా కాల్చి నూనెలో ముంచాలి. అప్పుడు గాజులా గట్టిపడుతుంది, పెళుసు కూడా. అలా వదిలేస్తే నాలుగు దెబ్బలకే మొన విరుగుతుంది. మళ్ళీ మెల్లగా వేడి చేస్తుంటే తోమిన ఉక్కు మీద రంగు పాకుతుంది. ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. గడ్డి రంగు మొన చేరగానే నీళ్ళలో ముంచి ఆపేయాలి. నా రెండో ఉలి నీలం దాకా పోయింది, మళ్ళీ మొదటికొచ్చాను. ఆ రంగు పాకడం రెండు మూడు సెకన్ల పని. చూస్తూనే ఉన్నా, చెయ్యి కదిలేలోపు దాటిపోయింది.

నవంబరు 14, గురువారం

ఆఫీసు నుంచి వస్తూ సికింద్రాబాద్‌లో ఒక షాపులో ఇత్తడి రేకు కొన్నాను. 24 గేజీ అడిగితే 24 గేజీ అనే ఇచ్చాడు, బిల్లు మీద కూడా అదే రాశాడు. ఇంటికొచ్చాక తమ్ముడి డిజిటల్ కాలిపర్‌తో కొలిస్తే 0.38 మిల్లీమీటర్లు. 24 గేజీ అంటే 0.56 ఉండాలి. ఇది 28. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన. చేత్తో పట్టుకుంటే అనుమానం రావాల్సింది, నాకు రాలేదు. వెళ్ళి అడిగితే, కట్ చేసిన రేకు వాపసు తీసుకునేది లేదన్నాడు.

అంత పల్చటి రేకు మీద ఎత్తు లేపితే బొడిపె పైన కాగితంలా అయిపోతుంది. సరే, సాధనకు పనికొస్తుందని ఉంచుకున్నాను. అసలు రేకు పెద్దబాపు తెప్పిస్తానన్నాడు. లెక్క కూడా కట్టాం. 30 అంగుళాల పొడవు, మడతలతో కలిపి ఆరంగుళాల వెడల్పు, 24 గేజీ. సుమారు 550 గ్రాములు.

నవంబరు 17, ఆదివారం

లక్క పలక తయారీ. లక్క అంటారు గానీ ఈ ఇంట్లో కాసేది గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపిన మిశ్రమం. గుగ్గిలం పట్టుకోవడానికి, ఇటుక పొడి ఒళ్ళు గట్టిగా ఉండటానికి, నూనె మెత్తదనానికి. ఎండాకాలం నూనె తక్కువ, చలికాలం ఎక్కువ. ఎంత అని అడిగితే పెద్దమ్మ గరిటెతో ఒక బొట్టు నీళ్ళలో వేసి, తీసి గోటితో నొక్కి చూపించింది. గోరు దిగాలి గానీ పగలకూడదు. కొలత అదే. ఈ ఇంట్లో లక్క కాసేది ఆమే, చింతపండు వేసి తోమేదీ ఆమే. దుకాణంలో ఫోటోలు మాత్రం పెద్దబాపువే ఉన్నాయి.

చెక్క పలక మీద అంగుళం మందాన లక్క పోసి, గోరువెచ్చగా ఉండగా రేకును అతికించాలి. అప్పుడు కింద మెత్తటి పరుపులా ఉంటుంది. కొట్టిన చోట మాత్రమే రేకు దిగుతుంది, పక్కన దిగదు. రేకు వెనుక వైపు నుంచి కొడితే ముందు వైపు బొమ్మ లేస్తుంది. తర్వాత రేకు తిప్పి, గుంటల్లో లక్క నింపి, ముందు నుంచి సన్నపని చేయాలి. వెనుక నుంచి కొట్టేటప్పుడు నువ్వు చేస్తున్న బొమ్మ నీకు కనపడదు. కనిపించేది గుంట మాత్రమే. గుంటను చూసి కొండను ఊహించుకోవాలి.

సాధన రేకు మీద మధ్య పద్మం, శ్రీ చేశాను. రెండు గంటలు పట్టింది. పెద్దబాపు మధ్యమధ్యలో వచ్చి చూసి వెళ్తున్నాడు, ఏమీ అనడం లేదు. బాగానే వస్తోందనుకున్నాను. రేకు ఊడదీసి తిప్పి చూస్తే శ్రీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. వెనుక నుంచి గీసేటప్పుడు అక్షరం తిప్పి గీయాలి కదా! హంసలూ పద్మమూ తిప్పినా తేడా తెలియదు, అక్షరం దొరికిపోతుంది.

"ముందే చెప్పొచ్చు కదా పెద్దబాపూ?"

"చెప్తే యాదికుంటదా?"

పెద్దమ్మ చాటుగా నవ్వుకుంటోంది. ఆ రేకును మాత్రం వాళ్ళ గోడకు మేకు కొట్టి తగిలించారు. వాళ్ళ మనవడికి చూపించాలట.

నవంబరు 24

వెళ్ళలేదు. ఆఫీసులో రిలీజు.

డిసెంబరు 1, ఆదివారం

అసలు రేకు వచ్చింది. ఇవాళ కాలిపర్ నా సంచిలోనే ఉంది. కొలిచాను, 0.56. పెద్దబాపు దాన్ని వింతగా చూసి, రేకు మూల పట్టుకుని ఒకసారి విదిల్చాడు. "ఇరవై నాలుగు" అన్నాడు.

బొమ్మ ఎక్కించే పద్ధతి నాకు చాలా నచ్చింది. పాత మందపాటి కాగితం మీద హంస గీత, గీత పొడవునా సూదితో పొడిచిన రంధ్రాలు. కాగితాన్ని రేకు మీద పెట్టి, బొగ్గుపొడి మూటతో తట్టితే కింద చుక్కల హంస తేలుతుంది. చుక్కలు కలుపుతూ గీసుకోవడమే. ఆ కాగితం అంచులు పూర్తిగా నల్లబడి, రెండు చోట్ల అతుకు వేసి ఉంది. మెడ వంపు చూస్తే వరంగల్ కోట తోరణం మీద కూర్చున్న హంసలు గుర్తొచ్చాయి. అదే అన్నాను. "అది రాయి, గిది రేకు. మెడ సన్నగుంటే రాయి నిలవది. మనకు గా బాధ లేదు" అని హంస మెడను అర అంగుళం పొడిగించాడు. ఆ అర అంగుళం సంగతి తర్వాత చెబుతాను.

ఒకే కాగితాన్ని బోర్లించి తట్టితే రెండో వైపు హంస వచ్చేసింది. శ్రీని నేను తిప్పి గీశాను. అద్దం పెట్టి రెండుసార్లు చూసుకున్నాను.

మధ్యాహ్నం నుంచి కొట్టుడు. సుత్తి తేలికగా పట్టుకోవాలి, మణికట్టు మాత్రమే ఆడాలి. ఉలి ప్రతి దెబ్బకూ వెంట్రుకవాసి జరగాలి. ఎక్కువ జరిగితే గీత చుక్కలు చుక్కలుగా పడుతుంది, తక్కువ జరిగితే గాటు పడుతుంది. ఎడమ చెయ్యి చూపుడు వేలు రేకును తాకుతూ ఉలికి దారి చూపించాలి. గంటకు రెండంగుళాల తీగ చేశాను. పెద్దబాపు అదే కొలతను పది నిమిషాల్లో చేస్తాడు. పైగా ఫోన్లో మాట్లాడుతూ.

ఒకసారి ఆయన వాకిట్లో ధ్వజస్తంభం రేకును గుండ్రంగా వంచుతున్నాడు. నాకు వీపు తిప్పి ఉన్నాడు. నేను తీగ మలుపు దగ్గర కొడుతున్నాను. అక్కడి నుంచే, తిరిగి చూడకుండానే, "కింద గాలున్నది, ఆపు" అన్నాడు. నాకేమీ తెలియలేదు. ఆయన వచ్చి గోటితో రేకు మీద అంగుళం అంగుళానికి తట్టాడు. టక్, టక్, టక్, ఒక చోట డబ్. లక్క అతుక్కోని బుడగ అది. అలాగే కొడితే రేకు ఒక్కసారిగా లోపలికి కూలి సొట్ట పడేది. టార్చితో వేడి చేసి, వేలితో నొక్కి సరిచేశాడు. ఆ తర్వాత నేనూ ప్రతి జానెడుకీ తట్టి వింటున్నాను. ఒకసారి వినడం తెలిశాక తేడా నాకూ తెలుస్తోంది. కాకపోతే నా సుత్తి ఆపితేనే.

డిసెంబరు 8, ఆదివారం

ఇవాళ కాక పెట్టడం. ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, చూడటానికి మాత్రం ఏమీ లేనట్టు ఉంటుంది.

ఇత్తడి అంటే రాగి, జింకు. బజార్లో ఎక్కువగా దొరికే రేకులో రాగి 63 పాళ్ళు, జింకు 37 పాళ్ళు. మెత్తటి రేకును కొట్టేకొద్దీ బిగుసుకుపోతుంది. మొదట వెన్నలా దిగిన ఉలి, రెండు గంటల తర్వాత అదే చోట ఎగిరి పడుతుంది. ఇంకా కొడితే చీలుతుంది. అందుకని మధ్యమధ్యలో లక్క నుంచి ఊడదీసి, కాల్చి, మళ్ళీ మెత్తబరచాలి. 450 నుంచి 650 డిగ్రీల మధ్య ఎక్కడైనా మెత్తబడుతుంది. 900 దాటాక కరగడం మొదలు. వీళ్ళ దగ్గర థర్మామీటర్ లేదు. కొలిమి గదికి కిటికీ కూడా లేదు, తలుపు దగ్గరగా వేస్తారు. వెలుతురులో ఆ మసక ఎరుపు కనపడదు మరి. చీకట్లో రేకు మీద ముందు ఇంద్రధనుస్సులాంటి రంగులు పోయి, బూడిద రంగు వచ్చి, తర్వాత ఎక్కడో లోపలి నుంచి వచ్చినట్టు మసక ఎరుపు. అక్కడితో ఆపాలి. ఇంకా కాలిస్తే రేణువులు పెరిగి, తర్వాత కొట్టినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. ఎన్ని సార్లు మెరుగు పెట్టినా ఆ గరుకు పోదు.

వేడి రేకును నీళ్ళలో ముంచాడు. బిగుసుకుపోదా అని భయపడ్డాను, ఉలి విషయంలో అదే కదా నేర్చుకున్నది. ఇత్తడి అలా కాదు. నీళ్ళలో వేసినా, గాలికి వదిలేసినా మెత్తగానే ఉంటుంది. ఒకే కొలిమి, ఒకే తొట్టి. ఉలిని గట్టి చేసిన పనే రేకును మెత్తన చేస్తోంది. నా తలలో ఇది ఇమడడానికి కాస్త సమయం పట్టింది. పెద్దబాపుకు ఇందులో వింత ఏమిటో అర్థం కాలేదు.

కాల్చిన రేకు నల్లగా ఉంటుంది. ఉప్పు, చింతపండు పులుసులో నానబెట్టి తోమితే పసుపు తేలుతుంది. నేను తెలివి చూపించి, వారం మధ్యలో ఇంట్లో సాధన రేకును నిమ్మ ఉప్పు నీళ్ళలో వేసి, ఇనుప పట్టకారుతో కలిపాను. గులాబీ రంగుకు తిరిగింది! ఇత్తడి పోయి రాగి అయిందా అన్నట్టు. పులుపులో కరిగిన రాగి, ఇనుము తగలగానే మళ్ళీ రేకు మీదే పల్చగా అతుక్కుంటుంది. పీతాంబరి పొడితో పది నిమిషాలు తోమితే పోయింది. పెద్దమ్మకు చెబితే, "అందుకే మా గిన్నెల కట్టె గరిటె" అంది. గరిటె చెక్కది ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు.

డిసెంబరు 15, ఆదివారం

చీలింది.

ఎడమ హంస మెడ, ముక్కు కలిసే చోట. పొద్దున్నే ఏడింటికి వెళ్ళాను. బాగా చలి. లక్క రాయిలా ఉంది. మెడ ఎత్తు ఇంకొంచెం లేపాలి, అరగంట పని, దీనికోసం మళ్ళీ ఊడదీసి కాల్చడమెందుకు అనుకున్నాను. పెద్దబాపు అప్పుడు ఇంట్లో లేడు, జనగామ వెళ్ళాడు. ఉలి ఎగురుతోంది. అది నాకు తెలుస్తోంది. అయినా కొట్టాను. పదో పన్నెండో దెబ్బకు చప్పుడు మారింది. టక్ కాదు, డబ్ కాదు, కాగితం చింపినట్టు చిన్న చప్పుడు. వెంట్రుకంత గీత. ఇంకో దెబ్బ వేసి ఉంటే వేలు పట్టేది.

కూర్చుండిపోయాను. ఏడు వారాల పని. పెద్దమ్మ టీ తెచ్చింది, చూసింది, "తాగు ముందు" అంది.

పెద్దబాపు వచ్చాక తిడతాడనుకున్నాను. భూతద్దం పెట్టి చూసి, "మెడ పొడుగు జేసింది నేను, కాక పెట్టంది నువ్వు. ఇద్దరిదీ తప్పే" అన్నాడు. అంతే. ఆ అర అంగుళం అక్కడ రేకును ఎక్కువ సాగదీసింది. ఉన్న రేకే సాగాలి కదా, కొత్త లోహం ఎక్కడి నుంచో రాదు.

రాత్రి ఇంటికొచ్చి ఇత్తడి పగుళ్ళ గురించి చదువుతూ కూర్చున్నాను. బ్రిటిష్ సైన్యం కథ ఒకటి దొరికింది. మన దేశంలో వానాకాలంలో వాళ్ళ ఇత్తడి తూటా గొట్టాలు ఎవరూ ముట్టకుండానే పగిలేవట. నిల్వ ఉంచింది గుర్రపు సాలల దగ్గర. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానల తేమ, తయారీలో కొట్టి సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, మూడూ కలిసి పగుళ్ళు. తర్వాత తయారీలో గొట్టాలను మెల్లగా కాల్చి ఆ బిగువు తీసేయడం మొదలుపెట్టారు. అంటే వాళ్ళు చివరికి చేసింది కాక పెట్టడమే. చదివాక కొంచెం ఊరట. నా హంసకు గుర్రాల సాకు కూడా లేదనుకోండి.

డిసెంబరు 22, ఆదివారం

రేకు మొత్తం ఊడదీసి, లక్క మరకలు కాల్చి, తోమాం. చీలికకు వెనుక నుంచి వెండి మాటు. వెలిగారం పేస్టు పూసి, బియ్యపు గింజంత వెండి మాటు ముక్కలు పెట్టి, చుట్టూ ముందు వేడి చేసి, చివర్లో చీలిక మీదకు మంట తెచ్చాడు. ముక్కలు మెరిసి, ఒక్క క్షణంలో నీళ్ళలా చీలికలోకి పాకిపోయాయి. ముందు వైపు నుంచి సన్నటి తెల్లగీత మాత్రం మిగిలింది.

దాన్ని దాచాలి. నేను రాకముందే ఆయన ఒక ఉపాయం గీసి పెట్టుకున్నాడు. హంస ముక్కున తామర మొగ్గ. కాడ సరిగ్గా ఆ తెల్లగీత మీదుగా పోతుంది. ఎడమ హంసకు మొగ్గ వస్తే కుడి హంసకు కూడా పెట్టాలా? పెట్టాలన్నాను నేను, జోడీ కుదరాలి కదా. అక్కర్లేదన్నాడు ఆయన. "దానికి దెబ్బ తాకలేదు కదా." కాసేపు వాదించుకున్నాం. గెలిచింది ఆయనే. నాకు ఇంకా అది పూర్తిగా నచ్చలేదు, ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆయన పెట్టెలోంచి మొగ్గకు ఒక ఉలి తీసి ఇచ్చాడు. తాతదే. "నీ చెయ్యికి నాది పనికిరాదు" అన్న మనిషి. నేనేమీ గుర్తు చేయలేదు.

డిసెంబరు 29, ఆదివారం

ముందు వైపు పని. ఇప్పుడు బొమ్మ కనిపిస్తోంది కాబట్టి సులువనుకున్నాను. కాదు, కనిపిస్తుంది కాబట్టే ప్రతి తప్పూ కనిపిస్తుంది. ఈకలకు అర్ధచంద్రం ఉలి, ఒక్కో ఈకకు ఒకే దెబ్బ. రెండో దెబ్బ వేస్తే రెండు గీతలు. నేల మొత్తం చిన్న చుక్కలతో నింపితే బొమ్మ పైకి తేలినట్టు అవుపిస్తుంది. చుక్కలు ఎన్ని వేశానో మొదట లెక్కపెట్టాను. నాలుగు వందలు దాటాక మానేశాను.

పని చేస్తుండగా పక్కన మాటలు. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి, ఐదూ ఒక కుదురు నుంచి వచ్చినవే అంటాడు పెద్దబాపు. మాది కంచరి పని, అయినా గుడి తలుపు కొలతకు వడ్రంగి లెక్క రావాలి, విగ్రహ తొడుగుకు శిల్పి లెక్క రావాలి అంటాడు. శ్రీకాకుళం బుడితిలో కూడా ఇత్తడి, కంచు పని ఉంది కదా అన్నాను. తెలుసన్నాడు. వాళ్ళ గుండిగలూ చెంబులూ పోత పని, ఆదిలాబాద్ ఓజాలది మైనం పోత, "మాది పోత లేదు, అంత దెబ్బనే." పంజాబ్‌లోని జండియాలా గురు ఠఠేరాల గిన్నెల పనిని 2014లో యునెస్కో జాబితాలో చేర్చిన సంగతి చెప్పాను. వాళ్ళదీ దెబ్బల పనే. ఫోన్లో వాళ్ళ వీడియో చూపిస్తే మొత్తం చూసి, "సుత్తి బరువుంది" అన్నాడు.

జనవరి 5, ఆదివారం

తోమడం, మెరుగు. మధ్యలో కారులో ఒకాయన వచ్చాడు. కొత్త ఇంటి గుమ్మానికి ద్వారపాలకుల రేకులు కావాలట. నా గడప తొడుగు చేతిలోకి తీసుకుని, బరువు ఊహించి చూసి, "కిలో ఎంతకిస్తారు?" అన్నాడు. పెద్దబాపు కోపం తెచ్చుకోలేదు. అలవాటైన ప్రశ్నలా ఉంది. ఇంకో చోట సగం ధరకే ఇస్తున్నారని ఆ కారాయన ఫోన్లో ఫోటో చూపించాడు. అది అచ్చు పోసి ప్రెస్సులో కొట్టిన రేకు. నాకు కూడా తెలిసిపోయింది! నాలుగు ద్వారపాలకుల్లో నలుగురికీ ఎడమ చెవి కమ్మ దగ్గర ఒకే సొట్ట ఉంది. చేత్తో కొడితే తప్పులు కూడా వేరువేరుగా వస్తాయి.

నా తొడుగు లోహం ధర లెక్కేస్తే నాలుగైదు వందలు దాటదు. ఆదివారాలు ఎందులో తూచాలో ఆ కారాయనకెవరూ చెప్పలేదు. ఆయన వెళ్ళాక నేను మాత్రం ఒక మాట అనకుండా ఉండలేకపోయాను. పెద్దబాపు తన చింతపండు తను పిండుకుంటున్నాడు.

లక్కర్, అంటే మెరుపు పోకుండా వేసే పల్చటి పూత, కొట్టాలా వద్దా అని ఇంకో చర్చ. కొడితే ఏడాదిపాటు తోమక్కర్లేదు. కానీ గీత పడిన చోట గాలి దూరి నల్లటి మచ్చ పాకుతుంది, మొత్తం గీకితే తప్ప పోదు. పైగా అమ్మ ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాస్తుంది. లక్కర్ వద్దు.

జనవరి 12, ఆదివారం

పెద్దబాపు రాలేదు, ధ్వజస్తంభం ఎత్తే పని ఉందట. నేనూ తమ్ముడే బిగించాం. గుంటల్లో టేకు పొట్టు, జిగురు కలిపి నింపి, ఎండాక గరుకు కాగితం కొట్టాం. పైమడత కూర్చోబెట్టడానికి చెక్క సుత్తి. మేకులు ఇత్తడివే. ఇనుప మేకు వేస్తే తడికి తుప్పు పట్టి చుట్టూ మరక దిగుతుంది. ముందు సన్న డ్రిల్లుతో రంధ్రం, ఆ తర్వాతే మేకు. మొత్తం ఇరవై రెండు మేకులు. ఎడమ వైపు రేకు కొంచెం ఎగిరినట్టు కనిపిస్తే తమ్ముడు ఒకటి అదనంగా కొట్టాడు.

భోగికి ఒక రోజు ముందు పూర్తయింది. అమ్మ కింద కూర్చుని చాలాసేపు చూసింది. "ఈ హంస నోట్లో ఏదో ఉంది, దానికేమీ లేదేంటి?" అంది. కథ మొత్తం చెప్పాను. అంతా విని, లేచి వెళ్ళి పసుపు గిన్నె తెచ్చింది. నాలుగు వందల పైచిలుకు చుక్కల్లోకి తడి పసుపు దిగిపోతుంటే చూస్తూ ఉండిపోయాను. పాత టూత్‌బ్రష్ ఒకటి దేవుడి గదిలో పెట్టాను.

రాత్రి పెద్దబాపుకు ఫోటోలు పంపాను. గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల ఎవరో తాళ్ళు లాగుతూ కేకలు వేస్తున్నారు. "మంచిగుంది బిడ్డా. ఎడమ హంస తోక కాడ మేకు ఎక్కువైంది, గది తియ్యి. రేకు ఎండకు సాగితే ఎటు పోవాలె? తీసిన రంధ్రంల మైనం పెట్టు. మళ్ళెప్పుడొస్తవు?"

మేకు రేపు తీయాలి. పట్టకారు తమ్ముడి దగ్గరుంది.